ఖాళీగా తిరిగొచ్చిన గిన్నె

కైరవాన్
నవంబరు 12

మబ్రూకాకి,

సలాం చెప్పడం మర్యాద కాబట్టి చెబుతున్నాను. అంతకు మించిన మర్యాద ఈ ఉత్తరంలో వెతక్కు. నా అక్షరాలు నీకు తెలుసు. వంకరగా ఉంటాయి. కళ్ళజోడు పెట్టుకుని చదువుకో.

తొమ్మిదేళ్ళ నాటి మాట ముందు తేల్చాలి. అమ్మ గిన్నె, ఆ ఆకుపచ్చ మెరుగు మట్టిగిన్నె, అంచున పెచ్చు ఊడినది, దాని నిండా బసీసా పిండి పోసి నీకు పంపాను. గోధుమలు నేనే ఏరాను. మీ వదిన వసీలా వేయించి, విసిరి, జల్లించింది. మూతికి తెల్లగుడ్డ కట్టి, పక్కన ఆ ఏడాది ఆలివ్ నూనె ఒక సీసా పెట్టి, హమ్మాదీ టాక్సీలో జర్జీస్‌కి పంపాం. పొద్దున్నే లేచి నూనెలో కలుపుకుని తింటారు, మేనమామ గుర్తొస్తాడు అనుకున్నాను.

వారం తిరక్కముందే గిన్నె వెనక్కి వచ్చింది. కడిగి, తుడిచి, పాత పేపర్లో చుట్టి ఉంది. లోపల ఏమీ లేదు. టాక్సీ స్టాండులో పదిమంది ముందు పేపరు విప్పి చేయి పెట్టి చూశాను. తలకిందులు చేసి కూడా చూశాను. హమ్మాదీ నవ్వాడు. "ఏం పెద్దాయనా, మీ చెల్లెలు గాలి నింపి పంపిందా? మూత పెట్టు, పోతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు చెవులు సరిగా వినపడవు గానీ ఆ నవ్వు మాత్రం బాగా వినపడింది.

మన ఇంటి నుంచి గిన్నె ఎప్పుడైనా ఖాళీగా వెళ్ళిందా? కరువొచ్చిన ఏడాది అమ్మ పొరుగింటివాళ్ళ గిన్నెలో గుప్పెడు ఉప్పు వేసి పంపింది. ఉప్పు కూడా లేని రోజు రెండు నిమ్మాకులు తుంచి వేసింది. "గిన్నె నోరు తెరుచుకుని ఇంటికి వెళ్ళకూడదు" అనేది. నువ్వు ఆ తల్లి కూతురివేనా అని ఆ రోజే అడగాల్సింది. అడగలేదు. నాకు చెల్లెలు లేదనుకున్నాను. నీ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పొద్దుటి తిండి కోసం. నలభై రెండేళ్ళు ఈ పేట రొట్టెల బట్టీ నడిపాను. అరవై ఇళ్ళ ఆడవాళ్ళు కాల్చిపెట్టమని పిండి ముద్దలు పంపేవాళ్ళు. ఒకరు వేలితో గుంట నొక్కేవాళ్ళు, ఒకరు ఫోర్కుతో మూడు గీతలు గీసేవాళ్ళు, ఒకరు నల్లజీలకర్ర అద్దేవాళ్ళు. పెద్దగా చదువుకోకపోయినా గుర్తు చూసి ఏ రొట్టె ఏ ఇంటిదో తప్పకుండా చెప్పేవాణ్ణి. ఒక్కనాడు కూడా ఒకరి రొట్టె ఇంకొకరికి ఇవ్వలేదు. అలాంటి నేను మొన్న గుడ్డు ఉడకబెట్టబోయి గిన్నె మాడ్చాను. వసీలా ఏప్రిల్లో పోయింది. నీకు కబురు చేయలేదు. చేయాలనిపించలేదు. పక్కింటి దూజా గోడ మీంచి చూసి, "ఊరందరి రొట్టె కాల్చావు, నీ గుడ్డు మాత్రం నీ మాట వినదా తిజానీ?" అంటుంది. ఆవిడ నోటికి జడిసి ఏడు నెలలుగా టీలో రొట్టె ముంచుకుని తింటున్నాను.

నాకు అమ్మ చేసిన బసీసా కావాలి. రెండుసార్లు చేశాను. ఒకసారి శనగలు మాడాయి, ఒకసారి మందులా చేదు వచ్చింది. మెంతులు ఎన్ని వేయాలో నీకొక్కదానికే తెలుసు. ఆ లెక్క రాయి. నీ క్షేమం అడగడం లేదు, నాది చెప్పడం లేదు. మెంతుల లెక్క చాలు.

తిజానీ

*

జర్జీస్
నవంబరు 24

తిజానీ అన్నయ్యకు,

వదిన పోయిందన్న సంగతి గుడ్డు మాడిన సంగతి పక్కన రాశావు. రెండుసార్లు చదివాను. నా పెళ్ళికి నా చేతులకు గోరింటాకు పెట్టింది వసీలా వదినే. నిద్రపోతే చెరిగిపోతుందని తెల్లవార్లూ కథలు చెబుతూ కూర్చుంది. అల్లా ఆమెను చల్లగా చూడాలి. నాకు కబురు చేయాలనిపించలేదన్నావు. సరే.

నువ్వు అడిగింది రాస్తున్నాను. నాలుగు దోసిళ్ళ గోధుమలకు ఒక దోసెడు శనగలు, అర దోసెడు మసూర్ పప్పు. ధనియాలు గుప్పెడు, సోంపు అర గుప్పెడు. ఎండిన నారింజ తొక్క నీ బొటనవేలంత. మెంతులు మూడు వేళ్ళతో రెండు చిటికెలు, అంతే. దేనికదే విడిగా వేయించు. శనగలు చివర్న, సన్న సెగ మీద, చేయి ఆపకుండా తిప్పు. అన్నీ ఒకే పెనం మీద పోసి ఉంటావు, అందుకే మాడాయి. పూర్తిగా చల్లారాక విసురు. వేడి మీద విసిరితే చెమ్మ పట్టి ఉండ కడుతుంది. తినేటప్పుడు ముందు చక్కెర, తర్వాత నూనె. చెంచాతో కాదు, చేత్తో కలుపు.

ఇక గిన్నె సంగతి. అవును, ఖాళీగా పంపాను. మరచిపోయి కాదు. గుప్పెడు ఖర్జూరాలు లేకా కాదు. ఖాళీగానే వెళ్ళాలని పంపాను. ఎందుకో నీకు తెలుసు. తెలిసీ రాలేదు. నీకు తొమ్మిదేళ్ళ కోపం ఉందన్నావు. నాదీ తొమ్మిదేళ్ళదే. ఇప్పుడు మెంతుల లెక్క అడిగావు, చెప్పాను. ఇంకేం లేదు.

మబ్రూకా

*

కైరవాన్
డిసెంబరు 6

మబ్రూకాకి,

మూడు వేళ్ళతో రెండు చిటికెలన్నావు. ఎవరి వేళ్ళు? నా వేళ్ళు బట్టీ కట్టెలు కొట్టే గొడ్డలి పట్టి పట్టి మేకుల్లా తయారయ్యాయి. నా చిటికెడంటే నీ గుప్పెడు. మళ్ళీ చేదొచ్చింది. దూజాకి కొంచెం పెట్టాను. నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఇది తిన్నవాడు పాపాలన్నీ ఒప్పుకుంటాడు. పోలీసు స్టేషనుకి పంపించు" అంది. తర్వాత తనే వచ్చి మెంతులు తన చేత్తో వేసింది. ఈసారి బానే ఉంది. అమ్మదిలా లేదు, కానీ అమ్మ ఇంటి వీధి దాకా వచ్చినట్టుంది.

ఎందుకో నాకు తెలుసన్నావు. నాకేం తెలుసు? తెలిస్తే తొమ్మిదేళ్ళు పళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటానా? నాకు పొడుపుకథలు వేయకు. నేను బట్టీవాణ్ణి. చెప్పేదుంటే సూటిగా చెప్పు. అప్పుడు మీ ఆయన మన్సూర్‌కి నా మీద ఏదైనా కోపమా? నేను పంపిన బసీసాలో పురుగుందా? పంపింది తక్కువైందా?

ఇంకొకటి అడుగుతాను. నీ కొడుకు వజ్దీ సంగతేంటి? పెళ్ళైన పధ్నాలుగేళ్ళకు పుట్టాడని ఊరంతా మిఠాయి పంచావే, వాడు. ఆ రోజుల్లోనే హమ్మాదీ చెప్పాడు, మీ మేనల్లుడు అందరితో పాటు పడవెక్కాడని. ఇటలీలో సెటిలై ఉంటాడు. ఈపాటికి పిల్లలు కూడా పుట్టి ఉంటారు. మేనమామకు ఒక్క కార్డు ముక్క రాసిన పాపాన పోలేదు. వాడికి సున్నతి చేసిన రోజు నా ఒళ్ళోనే కూర్చున్నాడు, నా చొక్కా పట్టుకుని పీకాడు, గుండీ ఊడింది. అంత చేసిన మేనమామ గుర్తు లేడు! తల్లి ఎలాగో కొడుకూ అలాగే. నా బసీసా తిన్న నోరే కదా అది.

ఈసారి పూర్తిగా రాయి. సగం సగం రాస్తే చించేస్తాను.

తిజానీ

*

జర్జీస్
డిసెంబరు 29

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. కిటికీలో పెట్టాను. రోజూ చూశాను. నీకు నిజంగానే తెలియదని అర్థం కావడానికి ఇంతకాలం పట్టింది.

నువ్వు పంపిన గిన్నె మంగళవారం వచ్చింది. ఆ వసంతం మా ఊళ్ళో కుర్రాళ్ళెవరూ కాలు నిలిపేవాళ్ళు కాదు. ప్రభుత్వం కూలి ఒడ్డున కాపలా లేదు, ఇటలీకి పడవలు వెళ్తున్నాయి. వజ్దీ గుడ్డ విప్పి వేలు ముంచి నాకాడు. "మామ బసీసా! అమ్మా, ఇదైతే చెడిపోదు కదా? నిప్పు అక్కర్లేదు కదా? నెల రోజులు నిలవుంటుందా?" అన్నాడు. నేను వాడు మెచ్చుకుంటున్నాడనుకున్నాను. "మీ మామ చేయి పడితే ఏడాది ఉంటుంది" అన్నాను.

మర్నాడు పొద్దున్నే, "అమ్మా, ఫ్రికాసేలు చెయ్యి, ఎక్కువ చెయ్యి. వలలు బాగుచేసేవాళ్ళకు కూడా పెడతాను" అన్నాడు. "వాళ్ళకు అమ్మలు లేరా?" అన్నాను. "ఉన్నారు, కానీ నీ చేయి లేదుగా" అన్నాడు. నన్ను ఎప్పుడూ అలాగే కొనేసేవాడు. పన్నెండు చేశాను. పులిసిన పిండిని వేలెడు రొట్టెలుగా నూనెలో వేయించి, చీల్చి, లోపల హరీసా కారం రాసి, ఉడికిన బంగాళదుంప, గుడ్డు, ట్యూనా చేప, ఊరిన నిమ్మకాయ ముక్క పెట్టాను. వాడికి ఆలివులు ఇష్టం లేదని వాడివాటిలో పెట్టలేదు. నిలబడే మూడు తిన్నాడు. "కూర్చుని తినరా, గుర్రానివా?" అన్నాను. "గుర్రమే నయం అమ్మా, ఈ దేశంలో దానికి గడ్డైనా దొరుకుతుంది" అన్నాడు. వాళ్ళ నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. అదీ మా ఇంట్లో ఆఖరి నవ్వు.

మిగతా తొమ్మిదీ గుడ్డలో కట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం గిన్నె కోసం చూస్తే అటక మీద లేదు. పెరట్లో బోర్లించి ఉంది. బసీసా అంతా సంచిలోకి ఒంపుకున్నాడు. అంచుల్లో అంటుకున్న పొడి కూడా వేలితో గీరి తీసుకున్నాడు. నూనె సీసా మాత్రం తలుపు వెనక వదిలేశాడు. పడవలో గాజుసీసాలు వద్దన్నారట, తర్వాత తెలిసింది.

పడవ మునిగిందని శుక్రవారం తెలిసింది. కొందరిని సముద్రం ఒడ్డుకు తెచ్చింది. వజ్దీని తేలేదు. ఇవాళ్టికీ తేలేదు.

శవం లేకుండా కూడా నమాజు చదవవచ్చు, చదివిద్దామా అని మసీదు పెద్దాయన వచ్చి అడిగాడు. మన్సూర్ ఆయన్ని గుమ్మంలోనే ఆపాడు. "నా ఇంట్లో పరామర్శకు తలుపు తీసినవాడు నా కొడుకుని చంపినవాడే" అన్నాడు. వీధివాళ్ళకు రావాలో రాకూడదో తెలియలేదు. ఏడవాలా, ధైర్యం చెప్పాలా? ఎవరూ రాలేదు. నేను ఏడిస్తే మన్సూర్ అరిచేవాడు. నీకు ఫోన్ చేద్దామంటే నీ చెవులు పనిచేయవు. రాద్దామంటే, కాగితం మీద పెడితే అది నిజమైపోతుందని చేయి రాలేదు.

నా చేతిలో అమ్మ గిన్నె ఉంది. దాన్ని కడిగాను.

అన్నయ్యా, మన చిన్న తమ్ముడు సాదిక్ జ్వరంతో పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, నీకు పధ్నాలుగు. మూడు రోజులు మన ఇంట్లో పొయ్యి వెలగలేదు. వీధి వీధంతా గిన్నెల్లో తిండి తెచ్చింది. నాలుగో రోజు అమ్మ ఆ గిన్నెలన్నీ కడిగి ఖాళీగా తిరిగి పంపించింది. చావింటి నుంచి గిన్నె ఖాళీగానే వెళ్ళాలని. ఒక్కో ఇంటికీ మోసుకెళ్ళి ఇచ్చింది ఎవరు? నువ్వే కదా?

అందుకే నీకు ఖాళీగా పంపాను. ఎవరికీ చెప్పకూడనిది నీ ఒక్కడికి చెప్పాననుకున్నాను. గిన్నె చేరడానికి ఒక రోజు. చూడగానే అన్నయ్యకు తెలిసిపోతుంది. బండెక్కి రావడానికి ఒక రోజు. అలా లెక్క వేసుకుని మూడు రోజులు తలుపు దగ్గర కూర్చున్నాను. పొయ్యి వెలిగించలేదు. మన్సూర్‌తో ఒంట్లో బాగాలేదన్నాను. అన్నయ్య వస్తాడు, రొట్టె తెస్తాడు, అప్పుడు తింటాను అనుకున్నాను.

నాలుగో రోజు లేచి పొయ్యి వెలిగించాను.

మన్సూర్ రెండేళ్ళ తర్వాత పోయాడు. అతని పరామర్శకు వీధంతా వచ్చింది. నీకు కబురు చేయలేదు. చేయాలనిపించలేదు.

మబ్రూకా

*

కైరవాన్
జనవరి 8

చెల్లెమ్మా,

ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు పాడుచేశాను. దూజా రాసిపెడతానంది. వద్దన్నాను. ఇది నా చేత్తోనే రాయాలి.

గిన్నెలు మోసింది నేనే. ఎలా మరిచిపోయానో అల్లాకే తెలియాలి. నువ్వు రాశాక మొత్తం కళ్ళముందుకు వచ్చింది. అమ్మ గిన్నెలన్నీ కడిగి పెరట్లో బోర్లించింది. "తిజానీ, ఎవరివి వాళ్ళకు ఇచ్చి రా" అంది. నేను ఉప్పు డబ్బా తీశాను, అలవాటుగా. అమ్మ నా చేయి పట్టుకుంది. "వద్దు నాయనా. ఇవాళ ఇవ్వడానికి మన దగ్గర ఏం లేదు. ఉన్నది ఇచ్చేశాం" అంది. తొమ్మిది గిన్నెలు. తొమ్మిది గుమ్మాల్లో ఒక్క ఆడమనిషి కూడా ఇది ఖాళీగా ఉందేమని అడగలేదు. తీసుకుని తల నిమిరారు. వాళ్ళందరికీ తెలిసింది. నాకు తెలియలేదు.

అరవై ఇళ్ళ రొట్టెల మీద గుర్తులు చదివినవాణ్ణి. నా తల్లి గిన్నెని చదవలేకపోయాను.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. వసీలాకి తెలిసింది. ఆ రోజు స్టాండు నుంచి వచ్చి గిన్నె బల్ల మీద కొట్టినట్టు పెట్టాను. ఆమె తీసి చూసింది. లోపల చేత్తో తడిమింది. "ఇది పొగరుతో కడిగిన గిన్నెలా లేదు. ఆ ఇంట్లో ఏదో జరిగింది. నువ్వు ఇప్పుడే బండెక్కు" అంది. నేను, "అన్నని నేను. ముందు రావాల్సింది చెల్లెలు" అన్నాను. మళ్ళీ రెండు రోజుల తర్వాత అడిగింది. అరిచాను. ఇక అడగలేదు. గిన్నెని అటక మీద గోడవైపు తిప్పి పెట్టాను. ఆమె ప్రతి పండక్కీ దించి, తుడిచి, మళ్ళీ పెట్టేది. నేను చూసీ చూడనట్టు ఉండేవాణ్ణి. నువ్వు తలుపు దగ్గర కూర్చున్న మూడు రోజులూ నేను బట్టీ దగ్గర కూర్చుని నిన్ను తిడుతూనే ఉన్నాను. వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. "నా చెల్లెలికి నా గిన్నెలో గుప్పెడు ఖర్జూరాలు వేయడానికి చేయి రాలేదు" అని. నీ కొడుకు పోయిన రోజుల్లో.

నిన్నటి నుంచి బసీసా గొంతు దిగడం లేదు. అది ఎండు పొడి. దాహం వేయిస్తుంది. నూనె లేకపోతే నీళ్ళతోనైనా కలపాలి, లేకపోతే గొంతుకు అడ్డం పడుతుంది. వాడి దగ్గర నీళ్ళున్నాయా మబ్రూకా? నూనె వదిలేశాడన్నావు. నీళ్ళు పట్టుకెళ్ళాడా?

నేను పంపకపోతే వాడు ఇంకో నాలుగు రోజులు ఆగేవాడేమో. దారి బత్తెం నేనే కట్టి పంపినట్టయింది.

నన్ను రానివ్వు. బట్టీలో మూడు రోజులకు సరిపడా రొట్టె కాల్పించుకుని వస్తాను. ఆలస్యమైనా సరే, తలుపు తీసి కూర్చుందాం. వజ్దీ కోసం నమాజు చదివిద్దాం. మేనమామగా నేను ముందు నిలబడతాను.

నీ అన్న
తిజానీ

*

జర్జీస్
జనవరి 22

అన్నయ్యా,

నీళ్ళ సంగతి అడగొద్దు. తొమ్మిదేళ్ళుగా రోజూ నేను అడుగుతున్నది అదే. సమాధానం చెప్పేవాళ్ళు లేరు. బసీసా పంపినందుకు నిన్ను నిందించడం లేదు. నువ్వు పంపకపోయినా వెళ్ళేవాడు, ఇంకేదో తిని వెళ్ళేవాడు. మేనమామ ఇంటిది తిని వెళ్ళాడని నాకు కొంచెం ఊరట కూడా.

నువ్వు తెలియక రాలేదని తెలిసింది. నీ మీద కోపం పోయింది. తొమ్మిదేళ్ళ కోపం పోతే ఇల్లు ఖాళీ అయినట్టుంది. దాని చోట ఏం పెట్టుకోవాలో తెలియడం లేదు.

కానీ రావద్దు. నువ్వొస్తే రొట్టె తెస్తావు, తలుపు బార్లా తీస్తావు, వీధివాళ్ళు వచ్చి "అల్లా నీకు ఓర్పు ఇవ్వాలి" అంటారు. ఆ మాట అన్న క్షణం వాడు పోయినట్టే. నేను ఇప్పటికీ పొద్దున్నే ఒక ఫ్రికాసే ఎక్కువ చేస్తాను, ఆలివులు లేకుండా. పదకొండు దాకా మూత పెట్టి ఉంచుతాను. వాడు ఎప్పుడూ పదకొండుకే లేచేవాడు. ఆ తర్వాత ఒడ్డున ఆక్టోపస్‌లు పట్టే కుండలు కడిగే ముసలాయనకు ఇచ్చేస్తాను. "ఆలివులు వేయడం రాదా నీకు?" అని రోజూ సణుగుతాడు. "రాదు" అంటాను.

ఒక్కోరోజు పిండి కలుపుతూ వాడు లేడు అనుకుంటాను. మూత పెట్టేటప్పటికి మళ్ళీ ఉన్నాడనుకుంటాను. రెండింటి మధ్య తొమ్మిదేళ్ళు నడిచాయి. ఎటు నిలబడాలో నాకే తెలియదు. నన్ను తోయకు.

మబ్రూకా

*

కైరవాన్
ఫిబ్రవరి 14

చెల్లెమ్మా,

నిన్ను తోయను. తోసే హక్కు నాకు లేదు. కానీ ఊరికే కూర్చోవడం కూడా నాకు చేతకాదు, నీకు తెలుసు.

ఈ మూడు వారాలూ దూజా దగ్గర ఫ్రికాసే నేర్చుకున్నాను. మొదటి రోజు పిండి పొంగలేదు. "పిండి కూడా నీలాగే అలిగింది, పైకి లేవదు" అంది. రెండో రోజు నూనె ఎక్కువ కాగి పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంది. మూడో వారానికి రొట్టెలు గుండ్రంగా పొంగాయి. నలభై రెండేళ్ళు మంట ముందు నిలబడినవాణ్ణి, చిన్న మూకుడు ముందు మళ్ళీ పనిపిల్లాణ్ణయ్యాను. చీల్చి, కారం రాసి, గుడ్డు పెట్టాను. గుడ్డు మాడలేదు. పెట్టేటప్పుడు ఆలివులు తీసి పక్కన పెట్టాను. దూజా "ఎందుకయ్యా, బాగుంటాయిగా" అంది. "మా మేనల్లుడికి ఇష్టం లేదు" అన్నాను. ఆవిడకు నేను ఏం చెప్పలేదు. అయినా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆడవాళ్ళకు ఇవన్నీ ఎలా తెలుస్తాయో.

ఈ ఉత్తరంతో పాటు అమ్మ గిన్నె పంపుతున్నాను. గోడవైపు నుంచి తిప్పి దించాను. నిండా బసీసా ఉంది. నేనే వేయించాను, శనగలు విడిగా, సన్న సెగ మీద. మెంతులు నా వేళ్ళతో కాదు, చెంచా కొసతో కొలిచాను. తిని చూశాను. అమ్మ ఇంటి గుమ్మం దాకా వచ్చింది. పక్కన ఈ ఏటి నూనె కూడా ఉంది. ఈసారి గాజుసీసాలో పోయలేదు, డబ్బాలో పోశాను.

నిన్ను ఉత్తరం రాయమనను. కాగితం మీద పెడితే నిజమవుతుందన్నావు. అందుకని కాగితం వద్దు. గిన్నె వెనక్కి పంపు.

ఖాళీగా పంపావంటే, ఈసారి చదవగలను. స్టాండులో ఎవరు నవ్వినా సరే. మూడు రోజులకు సరిపడా రొట్టె సిద్ధంగా ఉంటుంది. నీ ఇంట్లో నీ చేత్తో అగ్గిపుల్ల గీయనివ్వను. గుమ్మం దగ్గర నేను కూర్చుంటాను, వచ్చినవాళ్ళకు నేను సమాధానం చెబుతాను, నమాజులో ముందు నిలబడతాను. నువ్వు గట్టిగా ఏడువు. నాకు చెవులు వినపడవు, అరిచేవాళ్ళు లేరు.

గిన్నెలో ఉప్పు వేశావంటే, రెండు నిమ్మాకులు తుంచి వేశావంటే, వజ్దీ ఇంకా రావాలన్నమాట. అప్పుడూ వస్తాను. పరామర్శ మాట ఎత్తను. ఒట్టి చేతులతో వచ్చి, నీ పెరట్లో పీట వేసుకుని, నీతో పాటు పదకొండు దాకా కూర్చుంటాను. వాడి ఫ్రికాసే నేనే చేస్తాను. ఒడ్డున ముసలాయన సణిగితే నేనే సమాధానం చెబుతాను. అల్లా ఎన్ని పొద్దులు ఇస్తే అన్ని పొద్దులూ ఎదురుచూస్తాను.

రెండిట్లో ఏదైనా నాకు సరే. రాకుండా ఉండడం ఒక్కటే ఇక నావల్ల కాదు. నాకు డెబ్భై నాలుగు. నీకు అరవై ఎనిమిది. ఇంకో తొమ్మిదేళ్ళు పళ్ళు కొరకడానికి నాకు పళ్ళు లేవు.

హమ్మాదీ గురువారం పొద్దున మీ వైపు నుంచి తిరిగొస్తాడు. ముసలివాడయ్యాడు, ఇప్పుడు నవ్వడు. వాడితో అన్నీ చెప్పాను. చెబుతుంటే స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఆ రోజు గాలి నింపి పంపిందా అన్న మాట తనకీ గుర్తుందట.

గురువారం, ఫిబ్రవరి ఇరవై. పొద్దున్నుంచీ స్టాండులో నిలబడి ఉంటాను, సంచి సర్దుకుని. గిన్నెలో ఏముందో చూసుకుని అదే బండిలో వెనక్కి ఎక్కుతాను. ఆలస్యం చేయకు మబ్రూకా. గురువారానికల్లా నాకు గిన్నె రావాలి.

నీ అన్న
తిజానీ